బెల్‌ఫాస్ట్‌లో విడాకుల పిటిషన్: భర్త ప్రవర్తన గురించి ఏం రాయాలి, ఏం వదిలెయ్యాలి?

తెనాలి_పిల్ల

నమస్కారం అండీ. ఇక్కడ అందరివీ చదువుతూ ఉంటాను కానీ రాయడం ఇదే మొదలు. నేను ఉత్తర ఐర్లండ్‌లో, బెల్‌ఫాస్ట్‌లో ఉంటాను. పెళ్ళి 2016లో తెనాలిలో, మన పద్ధతిలోనే జరిగింది. ఒక పాప, బడికి వెళ్తోంది. ఈ మార్చిలో పాపను తీసుకుని వేరే అద్దె ఇంటికి వచ్చేశాను. ఉద్యోగం ఉంది, వీసా కూడా నా ఉద్యోగం మీదే ఉంది, కాబట్టి ఆ భయం లేదు.

విడాకులకు సొలిసిటర్ గారిని, అంటే ఇక్కడి లాయరుని, కలిశాను. "మీ ఆయన ప్రవర్తన గురించి మీ మాటల్లో రాసుకుని రండి" అన్నారు. కూర్చుంటే ఆగలేదు, పేజీలకు పేజీలు రాశాను. ఆవిడ ఓపిగ్గా చదివి, "ఇదంతా పిటిషన్‌లో పెట్టలేను, ఐదారు పేరాలు చేసి తీసుకురండి" అన్నారు. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తెలియడం లేదు. ఒక్కొక్కటీ కొట్టేస్తుంటే అది అసలు జరగనే లేదని నేనే ఒప్పుకుంటున్నట్టు ఉంది.

ఇంకో సంగతి. ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉండే మా స్నేహితురాలు "ఇప్పుడు కారణాలే చెప్పక్కర్లేదు కదే, ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే చాలు, మీ సొలిసిటర్ ఫీజు కోసం తిప్పుతోంది" అంటోంది. ఏది నిజం? తెలిసినవాళ్ళు చెప్పండి.

లాగన్_ఒడ్డు

చెల్లీ, మీ స్నేహితురాలు చెప్పింది ఆమె ఉన్న చోటికి నిజం. మీ సొలిసిటర్ చెప్పింది మీరున్న చోటికి నిజం. ఇంగ్లండ్, వేల్స్‌లో 2022 ఏప్రిల్ 6 నుంచి కొత్త చట్టం నడుస్తోంది. అక్కడ భార్యాభర్తల్లో ఎవరో ఒకరు, లేదా ఇద్దరూ కలిసి, "మా పెళ్ళి నిలబడే స్థితిలో లేదు" అని చెబితే చాలు, తప్పు ఎవరిదని కోర్టు అడగదు. అప్లికేషన్ తీసుకున్నాక 20 వారాలు, ఆ తర్వాత ఇంకో ఆరు వారాలు ఆగాలి, అంతే.

ఉత్తర ఐర్లండ్‌కి ఆ చట్టం రాలేదు. ఇక్కడ ఇప్పటికీ 1978 నాటి మాట్రిమోనియల్ కాజెస్ ఆర్డరే. పెళ్ళి నిలబడదు అన్న దానికి ఐదింటిలో ఒకటి చూపించాలి. అక్రమ సంబంధం, కలిసి బతకలేని ప్రవర్తన, రెండేళ్ళు వదిలేసి పోవడం, అవతలివాళ్ళ ఒప్పుకోలుతో రెండేళ్ళు విడిగా ఉండడం, ఒప్పుకోలు లేకుండా ఐదేళ్ళు విడిగా ఉండడం. అందరూ "అన్‌రీజనబుల్ బిహేవియర్" అనేది ఈ రెండోదాన్నే. పెళ్ళయి రెండేళ్ళు నిండితే గానీ ఇక్కడ పిటిషనే వెయ్యనివ్వరు, మీకు ఆ ఇబ్బంది ఎలాగూ లేదు. స్కాట్లండ్‌ది మళ్ళీ వేరే చట్టం. ఒకే దేశం అనుకుని ఇంగ్లండ్ వెబ్‌సైట్ చదివి బెల్‌ఫాస్ట్‌లో నడుచుకుంటే ఇదిగో ఇలాంటి అయోమయమే వస్తుంది. సొలిసిటర్ గారిని అనుమానించకండి.

రాజమండ్రి_పెద్దాయన

అమ్మా, ఏమీ అనుకోకు, పెద్దవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను. పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి మాట్లాడించారా? సరే, కలిసి ఉండడం కుదరదనే అనుకుందాం. లాగన్ గారు చెప్పిన నాలుగోది ఉంది కదా, ఇద్దరూ ఒప్పుకుని రెండేళ్ళు విడిగా ఉండడం. ఒకళ్ళ మీద ఒకళ్ళు బురద జల్లుకోకుండా అయిపోతుంది. రేపు ఆ పాప పెళ్ళిలో మీ ఇద్దరూ పక్కపక్కన నిలబడాలి. కోర్టు కాగితం మీద రాసిన మాట పోదమ్మా.

తెనాలి_పిల్ల

బాబాయిగారూ, మీరు ప్రేమతోనే అడిగారు, నాకు కోపం లేదు. తెనాలి వెళ్ళినప్పుడు రెండు వైపుల పెద్దలూ కూర్చున్నారు. అందరి ముందూ సరే అన్నారు, తిరిగి ఇక్కడికి రాగానే మళ్ళీ మామూలే. ఒప్పుకోలు సంగతి అడిగాను. "సంతకం పెట్టను, ఐదేళ్ళు అలాగే పడి ఉండు" అని మెసేజ్ పెట్టారు. ఐదేళ్ళ తర్వాత నాకు నలభై దాటతాయి. అందుకే ఈ దారి.

సూటిమాట

ఆ మెసేజ్ డిలీట్ చెయ్యకండి. స్క్రీన్‌షాట్ తీసి, తేదీ కనబడేలా, ఆయనకు పాస్‌వర్డ్ తెలియని ఈమెయిల్‌లో పెట్టుకోండి. పాత ఫోను, పాత ఐక్లౌడ్ ఆయనతో కలిపి వాడుతున్నారేమో ముందు చూసుకోండి.

పెద్దాయన గారూ, మీరంటే గౌరవమే. కానీ బురద జల్లడం వేరు, జరిగింది చెప్పడం వేరు. ఆడపిల్ల జరిగింది చెప్పిన ప్రతిసారీ దానికి బురద అని పేరు పెడితే ఇంకెక్కడ చెప్పుకోవాలి?

మామిడితోట

తెనాలి చెల్లీ, నేనూ ఈ ఊళ్ళోనే, ఇదే కారణం మీద విడాకులు తీసుకున్నాను. మీరు రాసిన పేజీలు చింపకండి, దాచుకోండి. అవి మీకోసం, మీ సొలిసిటర్ కోసం. పిటిషన్‌లో పెట్టే పేరాలు జడ్జి కోసం. రెండూ వేరు. పిటిషన్‌లో రాయనిది జరగలేదని ఎవరూ అనరు.

మా సొలిసిటర్ నాకు చెప్పిన పద్ధతి చెబుతాను. మొదట జరిగినది ఒకటి, అన్నింటికంటే ఘోరమైనది ఒకటి, ఆఖరున జరిగినది ఒకటి. ఈ మూడూ తప్పనిసరిగా ఉండాలి. మధ్యలో రోజూ సాగిన తీరు గురించి రెండు మూడు పేరాలు. ప్రతి పేరాలో ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, దానివల్ల మీకు ఏమైంది అన్న నాలుగూ ఉండాలి. చాలామంది ఆ నాలుగోది మర్చిపోతారు. ఆయన ఎలాంటివాడు అనేది కోర్టుకు అక్కర్లేదు. ఆయన చేసినదానివల్ల మీరు ఆయనతో కలిసి ఉండగలరా లేదా అన్నదే ప్రశ్న.

మీకు అభ్యంతరం లేకపోతే ఒక పేరా ఇక్కడ పెట్టండి, గుర్తుపట్టే వివరాలు తీసేసి. చూసి చెబుతాం.

తెనాలి_పిల్ల

సరే అక్కా, డబ్బు గురించి రాసిన పేరా పెడుతున్నాను.

"అతను పరమ పిసినారి, శాడిస్టు. నా కష్టార్జితం అంతా తినేశాడు. నన్ను బానిసలా చూశాడు. పైసా పైసాకీ లెక్క అడిగి నరకం చూపించాడు. వాళ్ళ అమ్మ నేర్పిన బుద్ధులే ఇవన్నీ. నా బాధ పగవాళ్ళకు కూడా వద్దు."

మామిడితోట

మీ బాధ ప్రతి మాటలోనూ తెలుస్తోంది చెల్లీ. కానీ ఇది చదివిన జడ్జికి ఏం జరిగిందో ఒక్క ముక్క తెలియదు. శాడిస్టు, బానిస, నరకం. ఆయన లాయరు "ఇవన్నీ తిట్లు, ఇందులో జవాబు చెప్పాల్సింది ఏముంది" అని ఒక్క వాక్యంతో కొట్టిపారేస్తాడు. లెక్క అడిగాడు అన్నారు కదా, ఎలా అడిగేవాడు? ఒక్కసారి జరిగింది గుర్తు తెచ్చుకుని, పక్కన కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు చెప్పండి.

తెనాలి_పిల్ల

2020 నుంచి నా జీతం ఆయన ఖాతాలోనే పడేది. శుక్రవారం ఇరవై పౌండ్లు ఇచ్చేవారు, నాకూ పాపకూ బయట ఖర్చులకి. ఆదివారం రాత్రి రసీదులన్నీ డైనింగ్ టేబుల్ మీద పరచాలి. ఒక్కొక్కటీ చూసి ఫోన్‌లో ఎక్కించేవారు. 2023 వేసవిలో ఒకసారి శానిటరీ ప్యాడ్ల రసీదు పట్టుకుని, దానికంటే చవకవి ఉన్నాయిగా, ఇవెందుకు కొన్నావు అని పాప ముందే అరగంట అడిగారు. ఆ తర్వాత నెల నుంచి ఆస్పత్రిలో నాతో పనిచేసే అమ్మాయి దగ్గర అడిగి తెచ్చుకునేదాన్ని. ఇది రాయడానికి సిగ్గేసి పైన రాయలేదు.

మామిడితోట

అమ్మా, మీ పేరా ఇదే. సిగ్గుపడాల్సింది మీరు కాదు. నేను కూర్చి రాస్తున్నాను, ఏదైనా తేడా ఉంటే దిద్దండి.

"2020 నుంచి మేము విడిపోయేవరకు పిటిషనర్ జీతం ప్రతివాది ఖాతాలో జమ అయ్యేది. ప్రతివాది వారానికి ఇరవై పౌండ్లు ఇచ్చి, ప్రతి ఆదివారం రసీదులన్నీ చూపించమనేవారు. 2023 వేసవిలో ఒక ఆదివారం, శానిటరీ ప్యాడ్లు కొన్నందుకు కూతురి ముందే పిటిషనర్‌ను అరగంట నిలదీశారు. ఆ తర్వాత పిటిషనర్ వాటిని తోటి ఉద్యోగిని దగ్గర అడిగి తెచ్చుకునేవారు. ఈ పరిస్థితి పిటిషనర్‌కు తీవ్రమైన అవమానం, ఆందోళన కలిగించింది."

ఇందులో ఒక్క తిట్టు కూడా లేదు, చూడండి. అయినా ఇది చదివినవాళ్ళెవరూ "ఇదేం పెద్ద విషయం" అనలేరు. బ్యాంక్ స్టేట్‌మెంట్ ఉంటే జీతం ఎక్కడ పడిందో అదే చెబుతుంది. అత్తగారి మాట తీసేశాను. ఆవిడ నేర్పారని మీరు రుజువు చెయ్యలేరు, అవసరమూ లేదు. పిటిషన్ ఆయన మీద, ఆవిడ మీద కాదు. ఇంగ్లీషులో ఎలా పెట్టాలో మీ సొలిసిటర్ చూసుకుంటారు.

సూటిమాట

చదివి కళ్ళు తడిశాయి, కోపమూ వచ్చింది. తెనాలి గారూ, జీతం లాక్కుని లెక్కలు అడిగి ఇలా గుప్పిట్లో పెట్టుకోవడం ఇక్కడ విడాకులకు కారణం మాత్రమే కాదు, నేరం కూడా. 2022 ఫిబ్రవరి నుంచి ఉత్తర ఐర్లండ్‌లో గృహహింస నేరం కిందికి కొట్టడం ఒక్కటే కాదు, ఇలా అదుపులో పెట్టుకునే ప్రవర్తన కూడా వస్తుంది. ఫిర్యాదు చెయ్యాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం, విడాకులకు పోలీసు కేసు అక్కర్లేదు. కానీ బెదిరింపులు వస్తే, ఇంటి చుట్టూ తిరిగితే, మీ జోలికి రాకుండా కోర్టు నుంచి నాన్ మాలెస్టేషన్ ఆర్డర్ తెచ్చుకోవచ్చు. సొలిసిటర్‌ని అడగండి. గృహహింస ఎదుర్కొనే ఆడవాళ్ళకు సాయం చేసే విమెన్స్ ఎయిడ్ వాళ్ళతో ఒకసారి మాట్లాడండి, వాళ్ళు ఏ నిర్ణయానికీ తొందరపెట్టరు.

ఉత్తరతీరం

నేను అవతలి వైపు నుంచి రాస్తున్నాను. ఇలాంటి పిటిషన్ నాకు వచ్చింది. కొన్నేళ్ళ కిందటి మాట, ఇప్పుడు ఇద్దరం ఎవరి బతుకు వాళ్ళం బతుకుతున్నాం, బాబు విషయంలో బాగానే మాట్లాడుకుంటాం.

కవరు విప్పి చదివినప్పుడు చాలా మాటలు నిజమే అనిపించాయి, తల దించుకున్నాను. ఒక్క చోట మాత్రం "పిల్లవాడి మీద ఏనాడూ ప్రేమ లేదు" అని ఉంది. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి వాడికి అన్నం తినిపించి బడికి దింపినవాణ్ణి. ఆ ఒక్క వాక్యం కోసం కేసు పోరాడతానని మా సొలిసిటర్ దగ్గర పట్టుబట్టాను. ఆయన నచ్చజెప్పి, రెండు వైపుల సొలిసిటర్లూ మాట్లాడుకుని, ఆ వాక్యం తీసేయించారు. "ఆరోపణలు ఒప్పుకోను, కానీ విడాకులను అడ్డుకోను" అని జవాబిచ్చి ఊరుకున్నాను. అలా జవాబు ఇవ్వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

కాబట్టి తెనాలి గారూ, మీరు నమ్మని మాట ఒక్కటి కూడా పెట్టకండి. అవతలి మనిషిని కోర్టు మెట్లెక్కించేది నిజాలు కాదు, ఆ ఒక్క అన్యాయమైన మాటే. వీలైతే పిటిషన్ వేసేముందు నకలు ఆయనకు పంపండి. చదువుకుని చల్లబడడానికి టైమ్ ఉంటుంది.

సూటిమాట

మీరు నిజాయతీగా రాశారు, సంతోషం. కానీ ముందుగా నకలు పంపడం అందరికీ కుదరదు. జీతం, ఫోను, రసీదులు అన్నీ గుప్పిట్లో పెట్టుకున్న మనిషికి ముందే తెలిస్తే డబ్బు ఇండియాకు పంపెయ్యచ్చు, పాప పాస్‌పోర్ట్ దాచెయ్యచ్చు. తెనాలి గారూ, పాప పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉంది?

తెనాలి_పిల్ల

నా దగ్గరే ఉంది అక్కా. వచ్చేటప్పుడు పాప బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, మా పెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను.

లాగన్_ఒడ్డు

మంచి పని చేశారు. నకలు పంపాలన్నా సొలిసిటర్ ద్వారానే, ఎప్పుడు పంపాలో కూడా ఆవిడే చెప్పాలి. ఇక్కడ మనం ఎంత చెప్పుకున్నా ఆ ఇంటి పరిస్థితి మీకు తెలిసినంత మాకు తెలియదు.

ఉత్తరతీరం గారి మాటకు ఒకటి చేరుస్తాను. అవతలివాళ్ళు ఎదురు నిలబడితే ఏమవుతుందో చెప్పే కేసు ఇంగ్లండ్‌లో ఒకటి ఉంది, ఓవెన్స్ కేసు. కొత్త చట్టానికి ముందుది. భార్య టినీ ఓవెన్స్, దాదాపు నలభై ఏళ్ళ కాపురం. మొదట మర్యాదగా మెత్తగా నాలుగైదు ఆరోపణలు రాశారు. భర్త ఒప్పుకోనని ఎదురు తిరగడంతో వాటిని 27 సంఘటనలకు పెంచారు. అవి బలహీనమైనవి, పెంచి చెప్పినవి అని జడ్జి విడాకులు ఇవ్వలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 2018 జూలైలో అక్కడా ఓడిపోయారు. ఐదేళ్ళు విడిగా ఉన్నట్టు 2020లో పూర్తయ్యేదాకా ఆమె పెళ్ళి అలాగే ఉండిపోయింది. ఆ తీర్పు మీద వచ్చిన చర్చ ఇంగ్లండ్‌లో చట్టం మారడానికి పెద్ద కారణం.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎదురు తిరిగే కేసులు చాలా అరుదు. కానీ ప్రవర్తన గురించి అప్పటి ఇంగ్లండ్ చట్టంలో ఉన్న వాక్యమే ఇక్కడి చట్టంలోనూ ఉంది కాబట్టి, మెత్తగా రాయమన్నారని మరీ నీళ్ళు కలిపేస్తే, మీ ఆయనలా "సంతకం పెట్టను" అనే మనిషి దగ్గర ఇబ్బంది. మీ రసీదుల పేరా లాంటివి నాలుగు ఉంటే చాలు, 27 అక్కర్లేదు.

తెనాలి_పిల్ల

ఒక ప్రశ్న. అన్నింటికంటే ఘోరమైనది 2023 చివర్లో జరిగింది. రాత్రి నన్ను బయటికి తోసి తలుపు వేసుకున్నారు, చెప్పులు కూడా లేవు, డిసెంబరు చలి. పక్కింటి ఐరిష్ ఆవిడ లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. కానీ ఆ తర్వాత కూడా ఏడాదికి పైగా అదే ఇంట్లో ఉన్నాను కదా. "అంత బాధ అయితే ఎందుకు ఉన్నావు" అని అడగరా?

లాగన్_ఒడ్డు

అడగచ్చు, అందుకే జవాబు పిటిషన్‌లోనే ఉండాలి. ఆఖరి సంఘటన తర్వాత కలిసి ఉన్నది ఆరు నెలల లోపైతే కోర్టు ఆ రోజుల్ని లెక్కలోకి తీసుకోదు. ఆరు నెలలు దాటితే కేసు పోయినట్టు కాదు, కానీ "కలిసి ఉండగలిగారు కదా" అనే అనుమానానికి చోటు ఉంటుంది. మీ విషయంలో ఆ తర్వాత కూడా ప్రవర్తన సాగుతూనే ఉంది, మార్చి దాకా. కాబట్టి డిసెంబరుది ఘోరమైనదిగా, మార్చికి దగ్గరలో జరిగినది ఆఖరిదిగా రాయండి. ఎందుకు ఉండిపోయారో ఒక్క వాక్యం, జీతం చేతిలో లేదు, పాప చిన్నది అని. అంతే.

పక్కింటి ఆవిడ సంగతి సొలిసిటర్‌కి చెప్పండి. మీ ఆయన కేసులో ఎదురు తిరిగితే ఆవిడ సాక్ష్యం చాలా విలువైనది.

మామిడితోట

ఆ రాత్రి గురించి రాసేటప్పుడు చెప్పులు లేవన్నది ఉంచండి చెల్లీ.

గుంటూరు_వకీలు

ఆలస్యంగా చూశాను. నేను గుంటూరులో ప్రాక్టీసు చేస్తాను, అక్కడి చట్టం గురించి మాట్లాడను. ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. అమ్మా, మీ పెళ్ళి హిందూ వివాహ చట్టం కింద తెనాలిలో జరిగింది. బెల్‌ఫాస్ట్ కోర్టు ఇచ్చే విడాకులు ఇక్కడ చెల్లుతాయా లేదా అన్నది ఇప్పుడే ఆలోచించాలి, రేపు మీరు మళ్ళీ పెళ్ళి చేసుకున్నా, ఇక్కడ ఆస్తి విషయం వచ్చినా ఇబ్బంది రాకుండా.

దీని మీద పెద్ద తీర్పు మన తెలుగువాళ్ళ కేసులోనే వచ్చింది. వై. నరసింహారావు, వై. వెంకటలక్ష్మి కేసు, సుప్రీంకోర్టు, 1991. పెళ్ళి తిరుపతిలో. భర్త అమెరికాలో మిస్సోరీ కోర్టుకు వెళ్ళి, కాపురం బాగుపడనంతగా చెడిపోయిందన్న కారణం మీద విడాకులు తెచ్చుకుని మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కోర్టుకు ఉన్న అధికారమూ, విడాకులకు చూపిన కారణమూ రెండూ ఆ పెళ్ళి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టానికి సరిపోవాలన్నది అందులో సూత్రం. మినహాయింపులు కూడా చెప్పింది. అవతలివాళ్ళు అక్కడే స్థిరనివాసం ఉండి, కారణం మన చట్టంలో ఉన్నదే అయితే చెల్లుతుంది. వాళ్ళు తమంతట తాము హాజరై, మన చట్టంలో ఉన్న కారణం మీదే వాదించుకున్నా చెల్లుతుంది. విడాకులకు వాళ్ళు ఒప్పుకున్నా చెల్లుతుంది.

ఇప్పుడు మీ కేసుకు రండి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13(1)(ఐఎ)లో క్రూరత్వం ఒక కారణం. 1976 సవరణతో అది విడాకులకు కారణమైంది. మానసిక క్రూరత్వం కూడా అందులోకి వస్తుందని తీర్పులు ఎన్నో ఉన్నాయి, 2007 నాటి సమర్ ఘోష్ తీర్పులో ఉదాహరణలతో సహా వివరించారు. మీరు అక్కడ రాస్తున్న ప్రవర్తన దీనికి దగ్గరగా ఉంది. ఇంగ్లండ్‌లో ఏ కారణమూ చెప్పకుండా తెచ్చుకునే విడాకుల కంటే, అవతలివాళ్ళు ఒప్పుకోనప్పుడు, మీ కాగితానికి ఇక్కడ బలం ఎక్కువ. కాబట్టి ఆ పేరాలు భారం అనుకోకండి.

అసలు ప్రమాదం ఆయన సమన్లు అందుకుని నోరు మెదపకుండా కూర్చుంటే. అప్పుడు ఇక్కడ దాన్ని ప్రశ్నించడానికి దారి ఉంటుంది. సమన్లు సరిగ్గా అందినట్టు రుజువు, ఆయన ఇచ్చిన ప్రతి జవాబు భద్రంగా పెట్టుకోండి. ఉత్తరతీరం గారు చెప్పినట్టు "అడ్డుకోను" అని రాతపూర్వకంగా ఇచ్చినా, అది ఒప్పుకోలుకు సరిపోతుందో లేదో ఇక్కడ లాయరుకు చూపించండి. అవసరమైతే తెనాలిలో వేరుగా పిటిషన్ వెయ్యచ్చు, పెళ్ళి జరిగిన చోట వేసే హక్కు సెక్షన్ 19 ఇస్తుంది. రెండు చోట్లా ఒకేసారి వెయ్యాలా, ఒకదాని తర్వాత ఒకటా అన్నది ఇద్దరు లాయర్లూ మాట్లాడుకుని నిర్ణయించాలి.

రాజమండ్రి_పెద్దాయన

వకీలు గారూ, ఒక సందేహం. ఎక్కువ రాస్తే నష్టం ఏమిటి? గట్టిగా రాస్తేనే కదా కోర్టు వింటుంది అంటారు మా వైపు. కట్నం వేధింపు, మామగారు, ఆడపడుచు, అందరినీ కలిపి రాయిస్తారు.

గుంటూరు_వకీలు

పెద్దాయన గారూ, ఆ అలవాటు వల్ల చెడిన కేసులు నా కళ్ళతో చూస్తున్నాను. కె. శ్రీనివాసరావు, డి.ఎ. దీప కేసు, 2013. ఇదీ మన దగ్గర నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిందే. భార్య ఫిర్యాదులో అత్తమామల మీద చేసిన నీచమైన, ఆధారం లేని ఆరోపణలే భర్తకు మానసిక క్రూరత్వం అని సుప్రీంకోర్టు అంది, భర్తకు విడాకులు ఇచ్చింది. 1994లో వి. భగత్ కేసులో భార్య కోర్టుకిచ్చిన జవాబులో భర్తకు మతి స్థిమితం లేదన్నట్టు రాసిన మాటలే ఆమెకు వ్యతిరేకంగా నిలిచాయి. కోర్టు కాగితంలో రాసే ప్రతి మాటా మీది, లాయరుది కాదు. కింద సంతకం పెట్టేది మీరు.

నిజంగా కట్నం వేధింపు జరిగి ఉంటే తప్పకుండా రాయాలి. జరగనిది ఎవరు రాయమన్నా రాయకూడదు.

తెనాలి_పిల్ల

మా ఇంట్లో కట్నం గొడవ లేదండీ. అమ్మ వాళ్ళు రాయించమంటున్నారు, నేను వద్దన్నాను. ఇప్పుడు ఈ పోస్టు అమ్మకు చదివి వినిపిస్తాను.

ఆయన ఈమెయిల్ పాస్‌వర్డ్ నాకు తెలుసు. వాళ్ళ అన్నయ్యకు నా గురించి రాసినవి అందులో ఉన్నాయి. తీసుకోవచ్చా?

సూటిమాట

వద్దు. పాస్‌వర్డ్ తెలిసినా ఆయన అనుమతి లేకుండా తెరిస్తే ఇక్కడ అది 1990 నాటి కంప్యూటర్ మిస్‌యూజ్ చట్టం కింద నేరం అవుతుంది. మీకు ఆయన పంపిన మెసేజ్‌లు మీవే, అవి చాలు. ఒంటి మీద గాయాలకు, నిద్రపట్టకపోవడానికి డాక్టర్‌ని కలిసి ఉంటే ఆ రికార్డు అడిగి తీసుకోండి.

తెనాలి_పిల్ల

డిసెంబరు తర్వాత జీపీ (మా ఫ్యామిలీ డాక్టర్) దగ్గరకు వెళ్ళాను, నిద్రమాత్రలు రాశారు. ఎందుకు నిద్రపట్టడం లేదో అప్పుడు చెప్పలేదు.

మామిడితోట

పరవాలేదు, తేదీ ఉంది కదా. ఆ తేదీ డిసెంబరు సంఘటన పక్కన కూర్చుంటుంది.

హియరింగ్ గురించి కూడా చెబుతాను, నాకు ముందు రాత్రి ముద్ద దిగలేదు. ఎదురు తిరగని కేసైతే జడ్జి ముందు ఎక్కువసేపు పట్టదు. పిటిషన్‌లో ఉన్నది నిజమేనా, పాప ఎవరి దగ్గర ఉంటుంది, బడి, ఆరోగ్యం, ఖర్చులు ఎలా అని అడుగుతారు. పిల్లల ఏర్పాట్లకు వేరే ఫారం ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి, నింపేటప్పుడు టైమ్ పెట్టండి. డిక్రీ నైసై, అంటే మొదటి ఉత్తర్వు, వచ్చాక ఆరు వారాల ఒక రోజుకి డిక్రీ అబ్సొల్యూట్, అంటే ఆఖరి ఉత్తర్వు, అడగచ్చు. అది వచ్చేదాకా పెళ్ళి అయిపోయినట్టు కాదు. డబ్బు, ఇల్లు సంగతి తేలకముందే అబ్సొల్యూట్ తీసుకోవాలా అన్నది సొలిసిటర్‌ని అడిగి చెయ్యండి.

ఇంకొకటి. ప్రవర్తన పేరాలు గట్టిగా ఉంటే డబ్బు ఎక్కువ వస్తుందనీ, పాప మీ దగ్గరే ఉంటుందనీ ఎవరైనా చెబితే నమ్మకండి. మామూలుగా అవి వేరే లెక్కలు.

తెనాలి_పిల్ల

ఈ రోజు సొలిసిటర్‌కి ఆరు పేరాలు ఇచ్చి వచ్చాను. రసీదులు, పాప పుట్టినరోజు నాడు అతిథుల ముందు అన్న మాటలు, రోజుల తరబడి మాట్లాడకపోవడం, ఫోన్ తనిఖీ, డిసెంబరు రాత్రి, మార్చి. చెప్పులు లేవన్నది ఉంచాను అక్కా. ఆవిడ చదివి రెండు తేదీలు అడిగారు, ఇంకేమీ మార్చలేదు. నకలు ముందు పంపడం లేదు, సొలిసిటర్ వద్దన్నారు. ఉత్తరతీరం గారూ, "పాప మీద ప్రేమ లేదు" అన్న వాక్యం నేనూ రాసి ఉన్నాను. తీసేశాను. పాపంటే ఆయనకు ఇష్టమే.

వకీలు గారూ, పెళ్ళిలో అమ్మ పెట్టిన బంగారం అత్తగారి లాకర్‌లో ఉంది. ఏడో పేరాగా రాయాలా?

గుంటూరు_వకీలు

వద్దమ్మా. అది ప్రవర్తన కాదు, ఆస్తి. అడిగితే ఇవ్వనన్నారా, అసలు ఇంకా అడగలేదా?

మీ పుట్టింటివాళ్ళు పెట్టింది స్త్రీధనం, అది పూర్తిగా మీదే. అత్తగారింట దాచినంత మాత్రాన వాళ్ళది కాదని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులోనే చెప్పింది. దానికి దారి వేరే ఉంది. ముందు జాబితా తయారుచెయ్యండి. హారం, వడ్డాణం, గాజులు, ఒక్కొక్కటీ ఎన్ని కాసులు, ఎవరు పెట్టారు, ఎక్కడ కొన్నారు. బిల్లులు మీ నాన్నగారి దగ్గర ఉంటే ఫొటో తీయించండి. బిల్లు లేనివాటికి పెళ్ళి ఆల్బమ్‌లో ఆ నగ స్పష్టంగా కనబడే ఫొటో చాలావరకు పనికొస్తుంది. పిటిషన్ ఆయన చేతికి అందకముందే ఆ జాబితా నాకు గానీ, మీరు పెట్టుకునే లాయరుకు గానీ పంపించండి, నోటీసు ఎలా ఇవ్వాలో అప్పుడు చూద్దాం.

తెనాలి_పిల్ల

ఇంకా అడగలేదండీ. ఆల్బమ్ అమ్మ దగ్గరే ఉంది. రేపు ఉదయం అక్కడ తెల్లవారగానే ఫోన్ చేస్తాను.